విరుగుటయు విరుగుడును

మన భాషలో 'మందు' అను మాట మిక్కిలి యుదారమైనది. వైద్యుడిచ్చు మాత్రయు మందే. పైరుమీద కొట్టు విషమును మందే. తుపాకిలో కూరునదియు మందే. సారాదుకాణములో నమ్మునదియు మందే. ఇన్ని యర్థములను మోయుచున్న యీ చిన్నమాట గుంటూరు, ప్రకాశము సీమల ప్రత్తిచేలలోను మిరపతోటలలోను ఒక పెద్ద మోసమునకు దారితీసినది. రోగికిచ్చు మందునుగూర్చి మన మెన్ని ప్రశ్నలు వేయుదుము! మోతాదెంత? ఎన్ని పూటలు? ఒంటిలో నది యేమగును? ఏ మార్గమున వెడలిపోవును? పథ్యమేమి? వికటించినచో విరుగుడేమి? చేనికి కొట్టు మందునుగూర్చి యీ ప్రశ్నలలో నొక్కటియు వేయము. పురుగు చచ్చెనా లేదా యనునదే మనకు ప్రశ్న. చావనిచో రేపు మఱొక సీసా తెచ్చి కొట్టుటయే సమాధానము.

ఇటీవల చదువుకొన్నవారినోట నొక క్రొత్త ధైర్యవచనము వినబడుచున్నది. నేలలోని సూక్ష్మజీవులు ఈ విషములను విరిచివేయుననియు, అట్టి జీవులను మన కళాశాలల ప్రయోగశాలలు కనిపెట్టుచున్నవనియు, కావున భయపడ బనిలేదనియు వా రందురు. ఇందు మొదటి రెండు మాటలు సత్యములు. మూడవది యసత్యము. సత్యములను రెంటిని ముందునిలిపి వాని వెనుక నొక యసత్యమును నడిపించుట కంటె ప్రమాదకరమైన పని వేఱొకటి లేదు. విరుగుట వేరు, విరుగుడు వేరు. విషము విరిగినంతమాత్రమున నది నిర్విషము కాదు. ఈ భేదమును మన ప్రయోగశాలలలో ననేకము మఱచుచున్నవనియు, చదువుకొన్న కుటుంబములవారమైన మనము దాని నడుగుటయే మానితిమనియు మా యారోపణ. దానిని నిరూపించుటకే యీ వ్యాసము.

ముందుగా నేలమాట. ఈ సీమ నేలలో విశేషభాగము నల్లరేగడి. వేసవిలో చేయి దూరునంత బీటలు వారును. వానలు పడగానే ఉబ్బి బీటలను తానే పూడ్చుకొనును. 1922లో గుంటూరు చేరువనున్న లాం గ్రామమున వ్యవసాయ పరిశోధనక్షేత్రము వెలసినది. అక్కడ రూపొందిన మిరపవంగడములు ఈ సీమను దాటి దూరదేశములలో వ్యాపించినవి. 1945లో బాపట్లలో వ్యవసాయకళాశాల యేర్పడినది. నాగార్జునసాగరము కుడికాలువ నీరు వచ్చినపిదప మెట్టచేలనేకములు వాణిజ్యపుపంటల చేలయ్యెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 2022లో జిల్లాలను విభజించినపుడు ఈ ప్రత్తి మిరపల నేలలో పెక్కుభాగము పల్నాడు జిల్లాలోనికి పోయినది. కాని పేరు మారినంతమాత్రమున నేల మారలేదు, నేలకు మనము పెట్టు తిండియు మారలేదు. పంట గలదు, నీరు గలదు, విద్య గలదు. ఇన్ని గలిగిన చోట నుండవలసిన వివేక మేమైనది?

1980 దశకమున ప్రత్తిచేలకు సింథటిక్ పైరెత్రాయిడ్లను మందులు వచ్చినవి. మొదట పురుగులు రాలినవి, రైతు సంతోషించెను. కొట్టినదే మరల కొట్టగా శనగపచ్చపురుగు వానికి లొంగకుండుట నేర్చుకొనెను. మిత్రకీటకములు నశింపగా తెల్లదోమ పేట్రేగెను. 1987-88లో పైరు పోయి, అప్పులు మిగిలి, ఈ రెండు జిల్లాల ప్రత్తిరైతులు కొందఱు ప్రాణములు తీసికొనిరి. 2002లో మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. కాయతొలుచు పురుగునకు కొట్టు మందు కొన్నియేండ్లు తగ్గినది. తరువాత గులాబిరంగు పురుగు దానిని గూడ జయించినది. 2021-22లో నల్లతామరపురుగు మిరపపూవులలో జొరబడి తోటలను పాడుచేసినపుడు, ఏ మందు పనిచేయునో తెలియక రైతులు మందుమీద మందు కలిపి కొట్టిరి. ప్రతిసారియు కథ యొక్కటే. పురుగు పాఠము నేర్చుకొనుచున్నది. మనము నేర్చుకొనుట లేదు.

కొట్టిన మందంతయు పురుగుమీదనే పడదు. అందులో గొప్పభాగము ఆకులనుండి జారి, గాలికి కొట్టుకొనిపోయి, కడిగిన ట్యాంకునుండి పాఱి, నేలకే చేరును. అచ్చట దానికొఱకు గొందఱు వేచియున్నారు. వారే సూక్ష్మజీవులు. చిటికెడు మంచిమట్టిలో కోట్లకొలది యుండు ఈ ప్రాణులు ఆకును, పేడను, కళేబరమును కుళ్ళజేసి మరల మట్టిగా మార్చుచున్నవి. మనుష్యుడు క్రొత్తగా చేసిన విషములను గూడ నివి తిన నేర్చినవి. ఆర్గానోఫాస్ఫేటు లనబడు పురుగుమందులు 1930, 1940 దశకములలో జర్మనీలో పుట్టినవి. యుద్ధములకై చేసిన నరములవిషవాయువులును ఆ కుటుంబములోనివే. ప్రకృతిలో మునుపెన్నడును లేని పారాథియాను అను అట్టి మందును విరిచెడు బాక్టీరియాను ఫిలిప్పీన్సు దేశపు వరిపొలములనుండి 1973లో శేతునాథన్, యోషిదా యను శాస్త్రజ్ఞులు లోకమునకు చూపిరి. శేతునాథన్ తరువాత కటకములోని కేంద్ర వరి పరిశోధనసంస్థలో ననేకవత్సరములు ఇట్టి పనియే చేసెను. మనుష్యుని తెలివి ఒక విషమును కల్పించిన ముప్పదియేండ్లలోపల కంటికి కనబడని ప్రాణి దానికి కత్తెరను సిద్ధపఱచుకొన్నది!

ఆ కత్తెర యొక ఎంజైము. దానిని చేయు జన్యువు ఫిలిప్పీన్సు బాక్టీరియాలోను, అమెరికాలో దొరకిన వేఱొక జాతి బాక్టీరియాలోను ఇంచుమించు ఒక్కటే. ఇన్ని సముద్రముల కావల, ఇంత భిన్నమైన జీవులలో, ఒకే జన్యువేల? ఈ జన్యువు ఒకచోటినుండి మఱొకచోటికి దుముకగల జన్యుభాగముల నడుమ నమరియున్నదని సిద్దవటం దయానందయు నాయన సహచరులును 2003లో ప్రకటించిరి. అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయములో మల్లవరపు మేఘరాజ్, కదియాల వేంకటేశ్వర్లు మొదలగువారు మోనోక్రోటోఫాసు, క్వినాల్‌ఫాసు అను మందులు నేలలోని నాచుజీవుల నేమిచేయునో, ఆ నాచుజీవులు వానినేమిచేయునో 1980 దశకముననే పరీక్షించిరి. మనవా రీ పని చేయజాలరని మేమనము. చేసిరి, లోకము మెచ్చునట్లు చేసిరి. మా ఫిర్యాదు వారిమీద గాదు. వారు వేసిన బాటలో నాలుగడుగులు వేసి చెట్టునీడన కూర్చున్నవారిమీద.

ఇంటిలో చదువరులైన స్త్రీలకు ప్రయోగశాల పద్ధతి తెలియుట కష్టము గాదు. పెరుగు తోడువేయుట యెఱిగినవారికి సగము తెలిసినట్లే. చేనిమట్టిని కొంచెము తెచ్చి, లవణములు కలిపిన నీటిలో వేసి, దానికాహారముగా పురుగుమందు నొక్కదానినే యిత్తురు. తినలేనివి నశించును, తినగలవి పెరుగును. వారమునకొకసారి ఆ నీటిని చెంచాడు తీసి క్రొత్తకుప్పెకు తోడువేయుదురు. ఇట్లు పలుమాఱులు చేసి, గాజుపళ్ళెరములో గట్టిపఱచిన యాహారముమీద పూసినచో, ఆ విషమును తిను జీవులు చుక్కలుచుక్కలుగా పెరుగును. ఒక చుక్కను వేఱుచేసి, పేరుపెట్టి, ఇన్నిదినములలో నింతమందును విరిచెనని యంత్రముతో కొలుతురు. ఇంతవరకు పని చక్కనిది. అయితే యిక్కడనే పట్టా చేతికి వచ్చును; పత్రము అచ్చగును; కుప్పె కడుగబడును. 'ఈ జీవి కలుషితమైన నేలలను శుభ్రపఱచుట కుపయోగపడగలదు' అను చివరివాక్యము మంగళహారతివలె ప్రతిగ్రంథమునందును కలదు. ఆ వాక్యమును నిజముచేయుట కెవ్వడు పొలమునకు పోయెను?

విరుగుటకును విరుగుడునకును గల భేదమును మూడు దృష్టాంతములతో చూపుదుము.

మొదటిది పారాథియాను. బాక్టీరియా దానిని విరిచినపుడు కుప్పెలోని ద్రవము పసుపువన్నె కెక్కును. విద్యార్థి సంతోషించును. ఆ పసుపువన్నె పారానైట్రోఫినాలు అను పదార్థముది, అదియు విషమే. మొదట కనిపెట్టబడిన ఆ ఫిలిప్పీన్సు బాక్టీరియా పారాథియానును విరువగలదు గాని పారానైట్రోఫినాలును తినలేదు. దానిని తినుటకు వేఱొక జీవి కావలెను. రెండవది క్లోర్‌పైరిఫాసు. అది విరిగినపుడు పుట్టు క్లోరినుతో గూడిన ముక్క నీటిలో తల్లికంటె సులభముగా కరగి దూరము పోగలదు. అంతేగాక సూక్ష్మజీవులను చంపు గుణము దానికి గలదు. అనగా తన్ను విరిచిన చేతినే యది కఱచును. మూడవది ఎండోసల్ఫాను. 2011లో మన సుప్రీముకోర్టు దాని తయారీని, అమ్మకమును, వాడుకను నిషేధించినది. నేలలోని జీవులు దానిని రెండుదారులలో మార్చగలవు. ఒకదారిలో నది తక్కువవిషముగల పదార్థమగును. రెండవదారిలో ఎండోసల్ఫాను సల్ఫేటగును; ఇది తల్లియంత విషము, తల్లికంటె దీర్ఘాయువు. 'ఎండోసల్ఫాను నూటికి తొంబదిపాళ్ళు మాయమయ్యెను' అని యొకడు వ్రాసినచో, ఏ దారిని మాయమయ్యెనని యడుగక చప్పట్లు కొట్టుట యెట్లు? దొంగ యింటిలో కనబడకపోయిన మాత్రాన పోయెననుకొందుమా, అటకమీద వెదకుదుమా?

ఇక్కడనే ఔషధశాస్త్రము చదువువారి బాధ్యత వచ్చుచున్నది. మోతాదు, పరిణామము, విసర్జనము, విరుగుడు అను నాలుగింటిని లెక్కతో తేల్చుటయే గదా వారి విద్య! మనుష్యునికి ఆర్గానోఫాస్ఫేటు విషము తగిలినపుడు ఆసుపత్రిలో నిచ్చు విరుగుడు అట్రోపీను. మన ఉమ్మెత్తజాతి మొక్కలలో దొరకు క్షారద్రవ్యముల కుటుంబములోనిదే యది. దానిని వైద్యుడు గ్రుడ్డిగా నియ్యడు. నాడి చూచును, ఊపిరితిత్తుల చెమ్మ చూచును, కంటిపాప చూచును, మోతాదును గడియగడియకు సవరించును. విరుగుడనగా నది. పరీక్షించి, రోగి లేచి కూర్చుండువఱకు చెంతనుండి చూచినది. ఒక్క రోగికింత శ్రద్ధ యున్నచోట, లక్షలయెకరముల నేలకు మాత్రము కుప్పెలో కనబడిన పసుపువన్నె చాలునా? మన జిల్లాలలో ఫార్మసీ కళాశాలలు ఊరూరను వెలసినవి. అందుండి వెడలు యువకులు హైదరాబాదు కంపెనీలలో మాత్రలు లెక్కించుటకును, విదేశములకు పోవుటకును సిద్ధపడుచున్నారు. ఉద్యోగమును మేము నిందింపము. కాని కళాశాలగోడ దాటిన మఱుక్షణమున కనబడు మిరపచేనిలోని విషమునుగూర్చి నాలుగేండ్ల చదువులో నొక్కప్రశ్నయు వేయనివానిని ఔషధశాస్త్రజ్ఞుడని యెట్లు పిలుతుము? చట్టములును ఈ చీలికనే నేర్పినవి. రోగికిచ్చు మందునకు 1940నాటి చట్టము; పురుగునకిచ్చు మందునకు 1968నాటి చట్టము. చట్టములు రెండైనను మనుష్యుని కాలేయ మొక్కటే, బావినీరు ఒక్కటే.

మట్టిని నమ్మి మందును గనిన తెలుగువాని నిక్కడ స్మరింపక తప్పదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడై యుండగా, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలముమట్టిలోని బంగారువన్నె సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును సాధించెను. 1948లో నది లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరమే సుబ్బారావు పరమపదించెను. ఆ పనిలో మనము గ్రహింపవలసినది దేశభక్తిపాఠము మాత్రమే కాదు. అచ్చట నొక చుక్క కనబడినంతమాత్రమున పని ముగియలేదు. జంతువులమీద, తరువాత రోగులమీద, మోతాదువెంట మోతాదుగా పరీక్షించి, పరిశుభ్రముగా తయారుచేసి, మంచముపైనున్నవానికి చేర్చువఱకు పని సాగెను. మట్టినుండి మనుష్యునివఱకు గల దారినంతయు నడచిరి. మనవారు మట్టినుండి పట్టావఱకు నడచి నిలిచిరి.

ఇక మా మాట కెదురుపలుకు వారికి సమాధానము చెప్పుదుము.

భూమాత యన్నిటిని జీర్ణించుకొనునని కొంద ఱందురు. అమరకోశమున భూమికి సర్వంసహ యను పేరు కలదని మాకును తెలియును. సహించుట వేరు, జీర్ణించుకొనుట వేరు. హాలాహలమును నీలకంఠుడు సైతము జీర్ణించుకొనలేదు, కంఠముననే నిలిపెను. నల్లరేగడియు నట్లే చేయును. దాని బంకమట్టి రేణువులు కొన్ని మందులను తమ పొరలలో బిగించి పట్టుకొనును. అట్లు పట్టుకొన్న విషము సూక్ష్మజీవుల నోటికందదు, పరీక్షయంత్రమునకు గూడ నొక్కొక్కప్పుడు చిక్కదు, కాని యున్నది. వేసవిలో బీటలు వారిన నేలమీద తొలివాన కురిసినపుడు, పైనున్న మందు మట్టిపొరలలో వడగట్టబడకయే బీటలవెంట క్రిందికి దిగగలదు. క్రింద నున్నది మన త్రాగునీరు. భూమాతను తల్లి యనినవాడు తల్లికి పెట్టు తిండిని గూడ నాలోచింపవలెను.

సూక్ష్మజీవులనే పొట్లములలో నమ్ముచున్నారు గదా, కొని చల్లినచో చాలునని మఱికొంద ఱందురు. జీవుల పేరిట నమ్ము సరకంతయు మోసమని మేమనము. ట్రైకోడెర్మా వంటివి సరిగా తయారైనపుడు తెగుళ్ళనాపుటలో నిజముగా పనిచేయును. కాని 'బయో' యను చీటి యంటించి లోపల రసాయనవిషమును కలిపిన సీసాలు పట్టుబడుటయు లోకమెఱిగినదే. మంచి సరకునకు గూడ నొక చిక్కు కలదు. కుప్పెలో పెరిగిన జీవి యేకపుత్రునివలె పెరిగినది. దానికి పోటీ లేదు, ఎండ లేదు, ఆకలి లేదు. దానిని చేనిలో చల్లగానే, ఆ నేలనే యనాదిగా నేలుచున్న స్థానికజీవులు దానిని తరిమికొట్టును, తినివేయును. మురికికుండలో తోడువేసిన పాలు పెరుగగునా? ఏ నేలలో, ఏ తేమలో, ఏ వేడిమిలో, ఎన్నిదినములు ఆ జీవి బ్రదుకునో పొలములో లెక్కించి చూపనిదే పొట్లమునకు వెలకట్టుట రైతును మఱొకసారి దోచుటయే.

వేఱొకవర్గమువారు ఈ శాస్త్రమే మనకు వలదు, పూర్వపు సేద్యమే చాలునందురు. వారి కోపమునకు కారణము కలదు. అయినను వారి తీర్పునకు మేమొప్పుకొనము. మందు లేకుండ ప్రత్తి పండింపవచ్చునని నాటి ఖమ్మముజిల్లాలోని పునుకుల గ్రామము 2003 నాటికే చూపినది. వేపగింజల కషాయము, ఎరపైరులు, పురుగుజాడలను ముందుగా కనిపెట్టుట మొదలగు పద్ధతులతో నా యూరివారు పురుగుమందును విడిచిరి. అది శాస్త్రమునకు విరుద్ధము కాదు. పురుగు జీవితమును శ్రద్ధగా పరిశీలించుటయే శాస్త్రము. అయితే నిన్నటివఱకు పడిన విషమునకు పూర్వులసేద్యములో జవాబు లేదు, ఏలన పూర్వుల కా విషమే లేదు. దానికి జవాబు ప్రయోగశాలనుండియే రావలెను. ప్రయోగశాలను తిట్టి మూసివేయుట కాదు, తట్టి మేల్కొలుపుట మన పని.

పరిశోధకులకు ధనము లేదు, పరికరములు లేవు, పొలమునకు పోవుటకు సెలవు లేదు, పత్రములసంఖ్యనుబట్టి యుద్యోగోన్నతి యిచ్చుచుండగా వారేమిచేయుదురని సానుభూతిపరులందురు. ఇది న్యాయమైన మాట. అందుచేతనే మే మొక్క పరిశోధకునిపై గాక, కొలమానముపై కోపించుచున్నాము. ఎన్నిపత్రములని యడుగు ప్రభుత్వమునకు పత్రములే లభించును. ఎన్నియెకరములని యడిగినచో ఎకరములు లభించును.

అట్లయిన నేమి చేయవలె నందురా? ఆకాశమునకు నిచ్చెన వేయుమని మేమడుగుట లేదు. అన్నిటికంటె మొదటిది, విషము పడుటను తగ్గించుట. ఇల్లు కురియుచుండగా నీరు తోడువానికంటె కప్పు నేయువాడు మేలు. రెండవది, విషము గుమిగూడు చోటనే సూక్ష్మజీవులకు పని కల్పించుట. స్వీడను దేశమున 1993నుండి రైతులు పొలములయొద్ద గుంటలు త్రవ్వి, గడ్డి, మట్టి, కుళ్ళిన మొక్కలపదార్థము కలిపి నింపి, పిచికారియంత్రములను దానిమీదనే నింపుచు కడుగుచున్నారు. ఒలికిన మందు గడ్డిలో నిలిచి, అందు పెరుగు బూజులచేతను బాక్టీరియాచేతను క్రమముగా విరుగును. మన చేలలో ట్యాంకు నింపుటయు కడుగుటయు కాలువగట్టునను, బోరుబావి చెంతనునే గదా! ఇంత గాఢమైన విషము ఒకేచోట మరలమరల పడుట, అదియు త్రాగునీటి ప్రక్కనే పడుట, చేనంతట పలుచగా పడుటకంటె నెంతయో కీడు. మనకు ప్రత్తికట్టెలు గలవు, మిరపకట్టెలు గలవు, పశువులయెరువు గలదు. మన యెండకును మన వానకును మన మందులకును ఈ గుంట పనిచేయునా, ఏ పాళ్ళలో కలుపవలెను, ఎంతలోతుండవలెను, విరిగిన ముక్క లేమగుచున్నవి, గుంటనుండి నీరు క్రిందికి దిగకుండ నేమిచేయవలెను అను ప్రశ్నలకు జవాబు చెప్పుటకంటె మన కళాశాలలకు తగిన పరిశోధన యేమున్నది? కోట్లరూపాయల యంత్రములు దీనికి కావు. గడ్డపార, గడ్డి, ఓర్పు, జిల్లాకొక నమ్మదగిన పరీక్షశాల కావలెను.

మూడవది, తేలిన సంగతిని తెలుగులో చెప్పుట. మన చేనిమట్టి తీసికొనిపోయి, మన సొమ్ముతో పరీక్షించి, ఫలితమును మనకు తెలియని భాషలో దూరదేశపు పత్రికలో నచ్చువేయించుట యేనాటి ధర్మము? ఆంగ్లమున వ్రాయవలదని మేమనము. ఆంగ్లమును బోధించి బ్రదుకువారమే మేము. మట్టి యిచ్చిన రైతునకు ఒక్కపుట తెలుగుకాగితము బాకీ యున్నదని మాత్రము చెప్పుచున్నాము. అందు నాలుగుమాటలు చాలును: నీ నేలలో నేమున్నది, అదెన్నినాళ్ళుండును, ఏమిగా మారుచున్నది, నీవేమి చేయవలెను.

ఇక నింటిలోనివారి మాట. ఈ సమస్య చేనుగట్టుతో నాగిపోవునని తలంపవలదు. మిరపకాయలకు తొడిమలు తీయు స్త్రీలు దినమంతయు చేతులతో నెత్తి ముట్టుకొనుచున్నది మన కూరలోనికి వచ్చు కారమునే. వారిలో నెందఱికి చేతితొడుగు గలదు? చేలో మందు కొట్టువాని గుడ్డలను ఇంటిలో నెవరు ఉతుకుచున్నారు? ఖాళీయైన మందుడబ్బాలో పప్పో, నూనెయో పోసి యుంచు ఇండ్లు నేటికిని లేవా? 2013 జూలైలో బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు చేరియుండెను. ఆ మందును తినగల బాక్టీరియాలు శాస్త్రజ్ఞులకు తెలిసియే యున్నవి. ఆ దినమున వాని వలన నా పసివాండ్రకేమి యుపకారము కలిగెను? సూక్ష్మజీవికి వారములు కావలెను. పసివాని ప్రాణమునకు గడియలే గడువు. విరుగునులే యని యూరకుండు వారికి ఇంతకంటె కఠోరమైన జవాబు మాకు దొరకలేదు.

కావున చదువుకొన్న తల్లిదండ్రులను మేము కోరునది యిది. మీ కుమారుడో కుమార్తెయో ఫార్మసీయో జీవశాస్త్రమో చదివి, నేలలోని యొక జీవి యొక విషమును విరిచెనని సంతోషముతో నింటికి వచ్చి చెప్పినపుడు, మెచ్చుకొనుడు, మెచ్చదగిన పనియే. వెంటనే నాలుగు ప్రశ్నలడుగుడు. విరిగిన ముక్క యేది? ఆ ముక్క విషమా, కాదా? కుప్పెలో జరిగినది నల్లరేగడిలో జరిగెనా? మట్టి యిచ్చిన రైతునకు చెప్పితివా? ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞానము పెద్దగా నక్కఱలేదు. బజారులో వంకాయ కొనునపుడు తొడిమ యెత్తి చూచు వివేకము చాలును. ఇంటింట నీ ప్రశ్నలు పుట్టినచో కళాశాలలో పుట్టక తప్పదు. కళాశాలలో పుట్టినచో ప్రభుత్వమునకు తాకక తప్పదు.

నేలలోని యా యదృశ్యజీవులు తమపని తాము చేయుచున్నవి. మనము చేసిన విషమును, మన మడుగకయే, కూలి కోరకయే, తమ శక్తికొలది విరుచుచున్నవి. సగము విరిచి వాని శక్తి యాగినచోట మన బుద్ధి ప్రారంభము కావలెను. ఆ సగమును పూర్తిచేయుటయే శాస్త్రము; ఆ సగమునే పూర్ణమని చాటుట మోసము. విరుగుట నేలవంతు. విరుగుడు మనవంతు.